ఆ పెట్టెలో ఉన్నది ఊరి సొత్తు

2027 జనవరి 12. నంద్యాలలో, ఆళ్లగడ్డలో వ్యాపారం చేసేవాళ్లూ, ఆసుపత్రులూ బడులూ నడిపేవాళ్లూ ఈ తారీఖు చుట్టూ గోడ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకోవాలని నా విన్నపం. విండోస్ సర్వర్ 2016కు మైక్రోసాఫ్ట్ మామూలుగా పంపే భద్రతా అప్‌డేట్లు ఆ రోజుతో ఆగిపోతాయి. మర్నాడు సర్వరు మాత్రం ఆగదు. ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, బిల్లు కొడుతుంది, ప్రింటు తీస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆగిపోయిన మిషనును ఆ పూటే బాగు చేయించుకుంటాం. చక్కగా నడుస్తూ, కొత్తగా బయటపడే ఏ లోపానికీ ఇక మందు దొరకని మిషనును మాత్రం ఏళ్ల తరబడి అలాగే వాడేస్తాం.

ఆ రోజు ఎలాంటి సమయంలో వస్తోందో చూడండి. సంక్రాంతి వారం. కేసీ కాలువ కింద వరి కోతలై ధాన్యం మిల్లులకు చేరే కాలం. పత్తి తూకాలు నడుస్తుంటాయి. బట్టల కొట్లలో కాలు పెట్టే సందుండదు. అప్పుడు సర్వరు మారుద్దామంటే వినే తీరిక ఏ యజమానికీ ఉండదు. 2020లోనూ ఇదే జరిగింది. విండోస్ 7కూ విండోస్ సర్వర్ 2008కూ సరిగ్గా భోగి నాడు, జనవరి 14న, గడువు తీరింది. పండగ అయ్యాక చూద్దామన్నారు చాలామంది. మార్చి వచ్చింది, లెక్కల హడావుడి వచ్చింది, కరోనా వచ్చింది. ఆ విండోస్ 7 మిషన్లు ఇప్పటికీ కొన్ని కౌంటర్ల వెనక పని చేస్తూనే ఉన్నాయి.

ఈ తారీఖుల్లో ఒక్కటి కూడా చెప్పకుండా వచ్చింది కాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8. సర్వర్ 2012కు 2023 అక్టోబరు 10. విండోస్ 10కు 2025 అక్టోబరు 14. ఎన్నో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల అడుగున ఉండే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014కు 2024 జూలై 9, 2016 వెర్షనుకు 2026 జూలై 14. అన్నీ ఏళ్ల ముందే ప్రకటించినవి. గడువు తీరాక డబ్బు కట్టి కొన్నాళ్లు అప్‌డేట్లు తెప్పించుకునే పథకాలూ ఉంటాయి గానీ, అవి మార్పుకు ఇంకాస్త వ్యవధి కొనుక్కోవడానికే. ఏళ్ల ముందు చెప్పి వచ్చే కష్టాన్ని తలరాత అనకూడదు. దానికి నిర్లక్ష్యం అనే పేరే తగినది.

ఒక రైస్ మిల్లు ఆఫీసు గదిని తలుచుకోండి. గది మూల, టేబుల్ కింద, నేల మీదే సీపీయూ ఉంటుంది. ఫ్యాను జాలికి ఊక దుమ్ము మెత్తగా పేరుకుని ఉంటుంది. ముందువైపు దసరా ఆయుధపూజ నాడు పెట్టిన పసుపు కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. మానిటరు అంచున స్టిక్కరు మీద పాస్‌వర్డు రాసి ఉంటుంది. వెనక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు, కొన్న రోజు తగిలించింది, ఇంతవరకు తీయలేదు. మిల్లులో అందరూ దాన్ని సర్వరు అంటారు, నిజానికి అది ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లకూ ట్యాలీ డేటా పంచే ఒక మామూలు డెస్క్‌టాప్. మార్చాలని ఎవరైనా అంటే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే.

"బాగానే నడుస్తాంది కదప్పా, దాన్నెందుకు కదిలిచ్చేది?"

"అన్నా, అప్‌డేట్లు ఆఫ్ చేసి పెట్టినా. ఇంక స్లో కాదులే."

ఈ రెండు మాటలూ మంచి మనసుతో అన్నవే. ఒకటి ఖర్చు తగ్గించుకోవాలనుకునే యజమానిది, ఇంకొకటి ఆయనకు ఇబ్బంది లేకుండా చూడాలనుకునే కంప్యూటర్ షాపు అబ్బాయిది. కానీ ఈ ఇద్దరూ తమది కాని దాని మీద నిర్ణయం తీసుకున్నారు. ఆ మిషను మీ డబ్బుతో కొన్నదే కావచ్చు. అందులో ఉన్నది మీది కాదు.

సీడ్ పత్తి సంగతే తీసుకుందాం. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల సీడ్ వేసే రైతుకు పంట తూకం వేసిన రోజే డబ్బు చేతికి రాదు. విత్తన కంపెనీ తరఫున పనిచేసే ఆర్గనైజరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు, దాని మీద వడ్డీ, తూకం, లాట్ నంబరు, చివరికి జీవోటీ ఫలితం, ఇవన్నీ కలిస్తేనే తనకెంత వస్తుందో తేలుతుంది. విత్తనం ఆ జీవోటీ అనే స్వచ్ఛత పరీక్షలో నిలిచిందా లేదా అన్నది తెలియడానికే నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఒక కుటుంబం ఏడాది కష్టం, ఆడకూలీలు ఒక్కో పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేసిన కష్టం, ఎవరిదో ఆఫీసులో కొన్ని అంకెల వరుసగా ఉంటుంది. ఆ అంకెలు పోయాయనుకోండి. కంపెనీ దగ్గర లాయరు ఉంటాడు. రైతు దగ్గర ఒక చీటీ ఉంటుంది, అదీ తడవకుండా దాచుకుని ఉంటే.

నర్సింగ్ హోములో ఇంకా లోతైన విషయాలుంటాయి. ఎవరికి ఎన్నోసారి గర్భం నిలవలేదో, ఎవరి రక్తపరీక్షలో హెచ్ఐవీ అని వచ్చిందో, ఏ ఇంటి అమ్మాయి ఏ మందులు వాడుతోందో ఆ పెట్టెలో ఉంది. పెద్ద నగరంలో అలాంటి వివరం బయటపడితే అది లక్షల పేర్లలో ఒక పేరు. మన నంద్యాలలో గాంధీ చౌక్ నుంచి శ్రీనివాస సెంటరు దాకా నడిస్తే పదిమంది పలకరిస్తారు. ఇక్కడ రహస్యం పోతే మనిషి తలెత్తుకు తిరగలేడు. తాకట్టు కొట్టులో ఎవరి తాళిబొట్టు గొలుసు ఉందో, బడిలో ఏ పిల్లవాడి ఫీజు బాకీ ఉందో, ఆళ్లగడ్డ శిల్పశాలకు దూరపు గుడి కమిటీ ఎంత అడ్వాన్సు పంపిందో, అన్నీ ఇలాంటివే. మన మీద నమ్మకంతో ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఎవరూ అడగలేదు, ఈ సాఫ్ట్‌వేరుకు గడువు ఉందా తీరిందా అని. అడగరనే ధైర్యంతోనే మనం బతికేస్తున్నాం. అది నాకు బాధగా ఉంది.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే గొడవ అనుకునే వీల్లేదు. 2017 మే 12న వనాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే దానికి చిక్కాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో ఫైళ్లకు తాళం పడి, తెర మీద డబ్బు అడిగే నోటీసు వచ్చింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేశాయి. ఆ వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. మధ్యలో దాదాపు రెండు నెలలున్నాయి. గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. దెబ్బ తిన్నవాటిలో ఎక్కువ భాగం గడువు తీరిన ఎక్స్‌పీలు కావు, అప్పటికి గడువు ఉన్న విండోస్ 7 మిషన్లు. మందు ఇంటికి వచ్చినా వేసుకోలేదు. "అప్‌డేట్లు ఆఫ్ చేసి పెట్టినా" అన్న మాటకు అసలు ధర అది.

2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో దొంగలు కంప్యూటర్ల గుండా ప్రవేశించి 12 కోట్లకు పైగా తరలించుకుపోయారు. ఉద్యోగులకు వచ్చిన దొంగ మెయిళ్లు, సరైన రక్షణ లేని నెట్‌వర్కు దారి ఇచ్చాయని పోలీసులు తేల్చారు. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకే 65 లక్షల జరిమానా వేసింది. దొంగతనం జరిగింది మా ఇంట్లో కదా, మాకే శిక్షా అనడానికి లేకపోయింది. ఇతరుల సొమ్ము కాపాడతానని కూర్చున్నవాడికి అజాగ్రత్త కూడా తప్పే.

2024 జూలై చివర జరిగినది మరీ ముఖ్యం. అప్పుడు సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద దాడి జరిగితే, దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. అన్నీ సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు. అంటే రైతులవి, చిన్న ఉద్యోగులవి, పింఛను మీద బతికేవాళ్లవి. ఆ సంస్థతో కలిసి పనిచేసే మరో చిన్న కంపెనీలో సర్వరును సరిగా పెట్టకపోవడంతో మొదలైందని క్లౌడ్‌సెక్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశీలనలో తేలింది. ఆ చిన్న కంపెనీ పేరు ఆ ఖాతాదారుల్లో ఒక్కరైనా అంతకుముందు విని ఉండరు.

ఒకరి అజాగ్రత్త ఇంకొకరిని ముంచుతుందన్న సంగతి సీడ్ పండించే రైతులకు విడమరచి చెప్పక్కర్లేదు. పక్క చేలో వేరే రకం పత్తి ఉంటే మధ్యలో ఐసొలేషన్ దూరం వదలాలి. నా చేలో ఎంత జాగ్రత్తగా క్రాసింగ్ చేయించినా, పక్కవాడు ఆ ఎడం పాటించకపోతే నా విత్తనం కల్తీ అవుతుంది, జీవోటీలో నా లాట్ ఫెయిలవుతుంది. అందుకే గట్టు మీద నిలబడి ముందే మాట్లాడుకుంటారు, ఏ రకం ఎక్కడ వేస్తున్నావని. ఆ మాటలు మన బజారులో కంప్యూటర్ల గురించి ఎందుకు జరగవు? మిల్లు ఆఫీసు మెయిల్ ఐడీ దొంగల చేతికి చిక్కితే, ఆ ఐడీ నుంచి వచ్చే తప్పుడు ఇన్‌వాయిసును నమ్మేది ఆ మిల్లుతో ఇరవై ఏళ్లుగా లావాదేవీ ఉన్న కమీషన్ వ్యాపారే. ఆడిటరు ఆఫీసులో ఒక సిస్టమ్ చిక్కితే వంద కొట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు పోతాయి. నీ అజాగ్రత్త నీ గుమ్మం లోపలే ఉండదు.

ఖర్చు మాట దాటేయడం లేదు. కొత్త మిషను, లైసెన్సు, ఒక్కోసారి బిల్లింగ్ సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను, అన్నీ కలిపితే చిన్న కొట్టుకు భారమే. ధాన్యం ధర పడిపోయిన ఏడాది మిల్లరు చేతిలో ఏముంటుందో నాకు తెలుసు. అయినా ఒక మాట అడుగుతాను. లారీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కించం. కాటాకు ముద్ర వేయించకుండా తూకం వేయం. అవి ఎదుటివాడి ప్రాణానికీ సొమ్ముకూ సంబంధించినవని ఒప్పుకుని, ఖర్చులో రాసుకుని, వ్యాపారం చేస్తున్నాం. ఎదుటివాడి వివరాలు కూడా ఆ పద్దులోకి రావాలి. చట్టం కూడా అటే నడుస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద, సమాచారాన్ని కాపాడే తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. చిన్నవాళ్ల మీద అంతంత వేయరని సర్దిచెప్పుకోవచ్చు. జరిమానా భయంతో చేసే పని జరిమానా లేదనుకున్న రోజు ఆగిపోతుంది, అందుకే ఆ భయం మీద నేను ఆధారపడటం లేదు.

తక్కువలో అయ్యే దారులూ ఉన్నాయి. పాతిక మంది లోపు పనిచేసే చోటుకు విండోస్ సర్వర్‌లో ఎసెన్షియల్స్ అనే చిన్న రకం ఉంది, దానికి మనిషికో లైసెన్సు విడిగా కొనక్కర్లేదు. మీ సాఫ్ట్‌వేరు లినక్స్ మీద నడిచేదైతే ఉబుంటు, డెబియన్ లాంటివి ఉచితం. అయితే వాటికీ గడువులుంటాయి. సెంటాస్ 7 వాడినవాళ్లకు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. అన్నిటికంటే ఖరీదైనది ఉచితంగా వేసే క్రాక్ వెర్షన్. దాన్ని పనిచేయించడానికి ముందు యాంటీవైరస్ ఆపాలి, తర్వాత అప్‌డేట్లు ఆపాలి. కంప్యూటర్ షాపు తమ్ముళ్లకు ఇక్కడ చేతులు జోడించి చెబుతున్నాను. కస్టమరు అడిగాడనే కదా మీరు అది వేస్తారు. ఇకమీదట వేయనని చెప్పండి. బేరం పోతుందని భయం. మీ పక్క షాపువాడూ అదే మాట చెప్తే పోదు. ఇది ఒక్కరు పాటించగలిగిన నియమం కాదు, నంద్యాలలో షాపులన్నీ ఒక ఆదివారం కూర్చుని ఒప్పుకోవాల్సినది.

పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఈరోజే మీ సర్వరు ముందు కూర్చోండి. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీటనూ ఆర్ మీటనూ కలిపి నొక్కితే ఒక చిన్న గడి తెరుచుకుంటుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అన్న ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ విండోస్, ఏ వెర్షన్ అన్నది పేరుతో సహా కనబడుతుంది. దాన్ని ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన ఆ మిషను కొన్న ఏడు, దానిలో నడిచే సాఫ్ట్‌వేర్లు, వాటిని ఇచ్చిన వెండరు ఫోను నంబరు. తర్వాత ఆ వెండరుకు ఫోను చేసి ఒక్కటే అడగండి, మీ సాఫ్ట్‌వేరు కొత్త సర్వరు మీద నడుస్తుందా, నడిపి చూశారా అని. చాలా చోట్ల పని ఆగేది డబ్బు దగ్గర కాదు, ఈ జవాబు దగ్గరే. పాత బిల్లింగ్ రాసిన కుర్రవాడు ఊళ్లో ఉండడు, సోర్సు ఎవరి దగ్గరుందో తెలియదు. ఆ సంగతి గడువుకు ఏడాది ముందు తెలిస్తే కొత్త సాఫ్ట్‌వేరుకు మారవచ్చు. వారం ముందు తెలిస్తే ఏమీ చేయలేం.

పాత మిషను మీదే కొత్త విండోస్ ఎక్కించమని ఒత్తిడి చేయకండి. కొత్తది తెచ్చి పక్కన పెట్టి, డేటా కాపీ చేసి, కొన్నాళ్లు అదే రోజు బిల్లులు రెండింటిలోనూ సరిపోల్చుకుని, అప్పుడు పాతదాన్ని నెట్ నుంచి తీసేయడం మంచి పద్ధతి. పాతదాన్ని పడేయవద్దు, లెక్కలు చూసుకోవడానికి ఒక ఏడాది ఉంచండి. బ్యాకప్ మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి మిల్లు ఆవరణ దాటి ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉండే డిస్కు బ్యాకప్ కాదు, వైరస్ దానికీ తాళం వేస్తుంది. బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెచ్చి ఒక బిల్లు తెరిచి చూసేదాకా ఆ బ్యాకప్‌ను నమ్మవద్దు. ఇంకొకటి, ఆ సీపీయూను నేల మీద నుంచి పైకెత్తండి. కుందూ, మద్దిలేరు పొంగి నంద్యాల వీధుల్లో నీళ్లు నిలిచిన ఏళ్లు మనం చూసినవే.

సమయం ఎంచుకోవడం మనకు బాగా తెలిసిన విద్య. బడులకు ఎండాకాలం సెలవులు. మిల్లులకూ సీడ్ ఆఫీసులకూ కాలువకు నీళ్లు వదిలి నాట్లు పడ్డాక, కోతలు మొదలయ్యే లోపు, ఆగస్టు సెప్టెంబరులో దొరికే సందు. జీఎస్టీ రిటర్నుల తారీఖులు తప్పించి ఒక శనివారం రాత్రి. ఆసుపత్రికి ఖాళీ రోజనేది ఉండదు కాబట్టి రెండు రోజులు చేతిరాత రిజిస్టరు సిద్ధం చేసుకుని మరీ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరులో దాడి జరిగాక రోజుల తరబడి కాగితం మీదే పని నడపాల్సి వచ్చింది. ముందే అనుకుని కాగితం పట్టుకుంటే రెండు రోజులతో పోతుంది.

ఇది ఒంటరిగా చేయలేనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను వదిలేస్తే మిగతావాళ్లం చేసినదీ దండగే. మిల్లర్ల సంఘం, డాక్టర్ల సంఘం, మందుల షాపుల సంఘం, ప్రైవేటు బడుల సంఘం, ఇవన్నీ మనకున్నాయి. చందాలు వసూలు చేసి అన్నదానాలు చేసే సంఘాలు. ఒక్కో సంఘం తన సభ్యుల సర్వర్ల జాబితా రాసి, ఏది ఎప్పుడు గడువు తీరుతుందో గోడ మీద పెట్టి, లైసెన్సులు కలిసి కొని, నెలనెలా అందరి బ్యాకప్‌లూ చూసే ఒక మంచి టెక్నీషియన్‌ను జీతానికి పెట్టుకుంటే, ఒక్కొక్కరికి పడేది టీ ఖర్చంత. కొనలేని చిన్న క్లినిక్‌కు పెద్ద ఆసుపత్రి సాయపడాలి. ఇచ్చేది దానం అనుకోవద్దు. రోగులు ఇద్దరికీ ఒకరే.

మన పిల్లల మాట కూడా చెప్పాలి. బ్యాంకు పరీక్షల కోచింగుకు ఎక్కడెక్కడి పిల్లలో వచ్చే ఊరు నంద్యాల. ఆ పరీక్షల కోసం వాళ్లు కంప్యూటర్ భద్రత మీద ప్రశ్నలు కంఠతా పడతారు. మన ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లను ఒక్క అప్‌డేటు కూడా ఆలస్యం కానివ్వకుండా కాపాడుతున్నారు. మైక్రోసాఫ్ట్‌ను 2014 నుంచి నడుపుతున్న సత్య నాదెళ్ల మూలాలు పక్కనున్న అనంతపురం జిల్లాలోనే. ఆ పేరు చెప్పుకుని మురిసిపోయే మనం నాన్న కొట్లో విండోస్ 7ను చూసి ఏమీ అనుకోం. అమ్మాయిలూ, అబ్బాయిలూ, పండక్కి వచ్చినప్పుడు అరిసెలు తిన్నాక ఒక పూట ఆ కొట్లో కూర్చోండి. మీ ఇంటిదే కాదు, పక్కింటిదీ చూడండి. మీ అంతటివాళ్లను జీతమిచ్చి పెట్టుకునే శక్తి ఆ బజారుకు లేదు, కానీ మిమ్మల్ని చదివించింది ఆ బజారే.

ఇక కొట్టుకూ ఆసుపత్రికీ వెళ్లే మనందరం. ఎవరి మీదా కోపంతో కాదు, హక్కుగా అడగాలి. స్కానింగ్ రిపోర్టు తీసుకునేటప్పుడు, గొలుసు తాకట్టు పెట్టేటప్పుడు, పిల్లవాడి అడ్మిషన్ ఫారంలో ఆధార్ నంబరు రాసేటప్పుడు అడగండి. నా వివరాలు ఏ సిస్టమ్‌లో పెడతారు? దానికి అప్‌డేట్లు వస్తున్నాయా? కౌంటరు దగ్గరి అమ్మాయికి తెలియకపోవచ్చు, విసుక్కోకండి, యజమానిని అడిగి చెప్పమనండి. ఏదైనా జరిగిందని తెలిస్తే దాచకుండా మాకు చెప్తారా అని కూడా అడగండి. దాడి జరిగితే ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్న ఆదేశం 2022 ఏప్రిల్ నుంచి ఉంది, డబ్బు పోతే ఫోను చేయాల్సిన నంబరు 1930. యజమాని 'చూస్తాంలే' అంటే, ఏ నెలలో చూస్తారో ఒక తారీఖు చెప్పమనండి, ఆ తారీఖున మళ్లీ వెళ్లి అడగండి.